తోడి సందేశము: ‘కర్ణకండూతి’ అను టీకా తాత్పర్య విశేషములతో

అవతారిక

మెదకు సీమలో కొలిచెలమ వాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాయబోతూ, మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని మాటిచ్చాడు. ఆయనకేం, ఎదురుగా రఘువంశం ఉంది. మన ఎదుట ఉన్నది ఒకటిన్నర పంక్తి వాట్సాప్ సందేశం. మూలంలో లేనిది రాయకపోతే ఈ వ్యాఖ్యతో పోస్టుకార్డు కూడా నిండదు. కాబట్టి ఆ రెండు ప్రతిజ్ఞలనూ ఆదిలోనే వదులుకుంటున్నాము.

మూలకర్త కోల్‌కతాలో లేక్ మార్కెట్ ప్రాంతాన చిరకాలంగా కాపురముంటున్న విజయనగరం పెద్దమనిషి. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. గ్రూపులో అందరికీ బాబాయిగారు. శ్రోతలు నానావిధులు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినవారు కొందరు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి జనపనార మిల్లులకు వచ్చి టీటాగఢ్‌లో స్థిరపడ్డ ఇళ్ల పిల్లలు కొందరు. సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో కంప్యూటరు ఉద్యోగాలకు వచ్చినవారు కొందరు. వీరితో పాటు తెలుగింటి పిల్లను చేసుకున్న బెంగాలీ ఒకాయన ఉన్నారు. సితారు నేర్చినవాడు. ఆయనను అందరూ అల్లుడుగారు అంటారు.

మూలము

“ఇప్పుడు వింటున్నాను. తోడి. ఆహా! హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పూర్తిగా వినగలరు.”

(దిగువన ఒక వీడియో లింకు. నిడివి 1 గంట 12 నిమిషాలు. వేళ రాత్రి 9.40.)

ప్రతిపదార్థము

ఇప్పుడు = భోజనమై, బీపీ మాత్ర వేసుకుని, హాల్లో పిన్నిగారి సీరియల్ నడుచుచుండగా; వింటున్నాను = (విశేషములు చూడుడు); తోడి = ఆ పేరుగల రాగమును (ఏ తోడి అనునది వివాదగ్రస్తము); ఆహా = ఆశ్చర్యమునందు, ఆనందమునందు, చాలాసేపటి నుండి గ్రూపులో ఎవరూ మాట్లాడకుండుట యందు; హెడ్‌ఫోన్స్ పెట్టుకుని = ఫోను స్పీకరులో విని, బాగాలేదని మళ్లీ నాతో అనకుండునట్లు; పూర్తిగా = నావలె గాక; వినగలరు = వినవలెను.

తాత్పర్యము

ఓ సభ్యులారా! నేను తోడి వినుచున్నాను. మీరును వినుడు. విని ఏదో ఒకటి అనుడు.

విశేషములు

‘వింటున్నాను’ అనుచోట ఆక్షేపము: టైపు చేయువాడు వినుచున్నవాడెట్లగును? మనస్సు అణువంత గనుక ఒకే క్షణంలో రెండు ఇంద్రియాలతో కూడలేదని నైయాయికులు తేల్చి చెప్పారు. ఆ శాస్త్రాన్ని కాచి వడబోసిన నవద్వీపం ఎంతో దూరం కాదు, హౌరాలో కాట్వా లోకల్ ఎక్కితే మధ్యలోనే వస్తుంది. వారి లెక్కన, అవతల ఆలాపనలో గాంధారం ఊగుతున్నంతసేపూ బాబాయిగారి మనస్సు కీబోర్డు మీద దీర్ఘం కోసం వెతుకుతోంది. కనుక మూలంలోని మొదటి వాక్యమే అసత్యమని పూర్వపక్షం.

సమాధానము: వర్తమానానికి దాపున ఉన్నదాన్ని వర్తమానంగానే చెప్పవచ్చునని పాణిని అనుమతి ఉంది. ఇంట్లో చెప్పులు వెతుక్కుంటూ ఫోన్లో ‘వస్తున్నా, దారిలో ఉన్నా’ అనేవాడికి ఏ అనుమతి వర్తిస్తుందో, ఇక్కడా అదే. అయితే మాకు తోచేది ఇంకొకటి. ఆ మాటకు వాచ్యార్థం ‘వింటున్నాను’. వ్యంగ్యార్థం ‘ఎవరైనా ఉన్నారా?’ అని. రసిక రంజన సభ కచేరీకి పక్కింటాయనతో కలిసి వెళ్లే రోజుల్లో బాబాయిగారికి ఈ వాక్యంతో పని పడలేదు. వింటున్నట్టు ప్రకటించనక్కరలేదు, పక్క కుర్చీలో మనిషి చూస్తూనే ఉంటాడు. పక్క కుర్చీ ఖాళీ అయినవాడికి ఈ క్రియాపదం కావలసి వచ్చింది. దీన్ని గొప్పలు పోవడమని గ్రూపులో కొందరు గుసగుసలాడారు గాని, అది వారి అరసికత.

పాఠాంతరము

‘తోడి’ అన్న ఒక్క మాటను మూలకర్త అల్లుడుగారి సౌకర్యార్థం ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టారు. అనర్థమంతా అక్కడే మొదలైంది. మద్రాసు అలవాటున్నవారు ఆ మాటలో ‘టీ’ తరువాత ‘హెచ్’ వేస్తారు. హిందుస్తానీ వారు వేయరు. బాబాయిగారు తొందరలో ఆ హెచ్ మింగేశారు. లోకంలో ఒక్క అక్షరలోపానికి రాజ్యాలు పోయాయో లేదో గాని, ఇక్కడ ఒక రాగం పోయి ఇంకొకటి వచ్చింది.

అల్లుడుగారు లింకు తెరవకముందే అడిగారు: ‘రాత్రిపూట తోడీ ఏమిటి?’ వారి పద్ధతిలో తోడి ఉదయపు రాగం. రాత్రి పదింటికి దాన్ని వినడమంటే ఆయనకు అపచారం కిందే లెక్క. మనకు ఆ నియమం పట్టింపు లేదు. సాయంకాలపు కచేరీలో ప్రధాన రాగంగా తోడి ఎత్తుకుంటే సభలో ఎవరూ గడియారం చూసుకోరు. చూసుకుంటే బస్సు కోసమే.

ఐదు నిమిషాలకు రెండో సందేశం: ‘ఇది భైరవి కదా. అప్పుడే కచేరీ అయిపోయిందా?’

ఇక్కడ శాస్త్రం చెప్పక తప్పదు. మన తోడి ఎనిమిదో మేళం, హనుమతోడి. శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. అవే స్వరాలు హిందుస్తానీలో భైరవివి. అక్కడ భైరవి మొదలైతే కచేరీ ముగింపుకొచ్చిందని, కాళ్ల దగ్గర చెప్పులు సవరించుకుంటారు. వారు తోడి అనేదాని స్వరాలు మనకు నలభై అయిదో మేళమైన శుభపంతువరాళివి. అందులో మధ్యమం ప్రతిమధ్యమం, నిషాదం కాకలి. పోనీ మన భైరవి వారికి ఏమవుతుందంటే, అది వేరే సంసారం, అందులో ధైవతాలు రెండు. మన హిందోళం వారికి మాల్‌కౌఁస్. వారి హిందోల్‌కూ మన హిందోళానికీ బీరకాయపీచు చుట్టరికం కూడా లేదు. శ్రీరాగమూ అంతే, పేరొకటి, ఇళ్లు రెండు.

అల్లుడుగారు స్వరాలను బట్టి పోల్చుకున్నారు గాని, ఆయన చెవికి ఆ గాంధారం మింగుడు పడలేదు. ‘భైరవికి చలిజ్వరం వచ్చినట్టుంది’ అన్నారు. ఆ మాటతో బాబాయిగారు హెడ్‌ఫోన్స్ తీసి అవతల పెట్టారు. తోడి గాంధారం ఒకచోట నిలబడేది కాదని, ఆ కంపమే దాని ప్రాణమని, నిలబెట్టి పాడితే మీ భైరవే అవుతుందని, స్వయంగా పాడి రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టారు. గొంతు ఒణికింది వయసుతోనా, గమకంతోనా అన్నది విజ్ఞులు తేల్చుకోవాలి. ఖరగ్‌పూర్ అన్నయ్య ఒకరు ‘స్వరాలొకటైతే రాగమొకటే కదా’ అని మధ్యవర్తిత్వానికి వచ్చి, ఉభయపక్షాల చేతా తిట్లు తిన్నారు. పదకొండు దాటే దాకా నడిచింది. ఆ గ్రూపులో పండగ శుభాకాంక్షలు, సిలిండరు ఏజెన్సీ నంబర్లు కాక నిజంగా సంగీతం జరిగింది ఆ గంటన్నరలోనే అని మా అభిప్రాయం.

మరల విశేషములు

‘ఆహా’: అవ్యయము. లింగ వచన విభక్తులు లేవు గాని దీనికి కాలనియమం ఉంది. పడవలసిన చోటే పడాలి. కోల్‌కతా వారికి ఇది ఎవరూ నేర్పనక్కరలేదు. 1952 నుంచి నడుస్తున్న డోవర్ లేన్ సంగీత సమ్మేళనంలో ఏటా జనవరి చలికి శాలువాలు, కోతి టోపీలు బిగించుకుని రాత్రంతా కూర్చుంటారు. ఇప్పుడు జరిగేది నజ్రుల్ మంచ్‌లో. తెల్లవారుజామున ఎవరో గాయకుడు తిరిగి తిరిగి సమం మీద వాలితే, మూడు వరుసల అవతల కునికిపాట్లు పడుతున్న ముసలాయన టోపీలోంచి ‘ఆహా’ అంటాడు. ఆ ఆహాకు వేదిక మీద వాళ్లు కూడా తల ఊపుతారు. మన మూలంలో ఆహా లింకుకు ముందే వచ్చింది. ఇంకా ఎవరూ విననిదానికి అడ్వాన్సు అన్నమాట.

దానికి వచ్చిన స్పందనలను ఆలంకారికులు ముందే వర్గీకరించి పెట్టారు. కారణం ఒకచోట, కార్యం మరొకచోట కనబడితే అసంగతి: లేక్ మార్కెట్‌లో తోడి, ఖరగ్‌పూర్‌లో తలనొప్పి. కారణం లేకుండానే కార్యం పుడితే విభావన: గంటా పన్నెండు నిమిషాల లింకు వచ్చిన నిమిషంలోపే ‘అద్భుతం బాబాయిగారూ’, నమస్కారం బొమ్మలు మూడు, చప్పట్ల బొమ్మలు పన్నెండు. కారణం నిండుగా ఉండీ కార్యం పుట్టకపోతే విశేషోక్తి: మిగిలినవారందరి పేర్ల పక్కనా నీలిటిక్కులు, నోరు మెదిపినవాడు లేడు. కువలయానందం రాసిన అప్పయ్యదీక్షితులవారు కాదు, వారిని చదివించిన ఏ గురువైనా ఇన్ని ఉదాహరణలు ఒక్క రాత్రిలో ఏరి ఉండరు.

లింకు: మూలంలో పదంగా లేదు, వస్తువుగా ఉన్నది. దాని శీర్షిక ‘అరుదైన తోడి, తప్పక వినండి’ అని. పక్కన మంటల బొమ్మ. పాడినవారి పేరు లేదు, పక్కవాద్యాల పేర్లు లేవు, ఊరు లేదు, ఏడాది లేదు. ఈ విషయంలో కోల్‌కతా నగరం ముందు మనం సిగ్గుపడాలి. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ ఇక్కడికొచ్చి రికార్డింగు చేస్తే, గౌహర్ జాన్ మూడు నిమిషాల పాట చివర తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది. మూసలు హనోవర్‌కు, అంటే జర్మనీకి వెళ్లేవి. అక్కడ రికార్డులు అచ్చువేసే పనివాడికి ఎవరిది ఏ పాటో తెలియాలి కదా. చేతిలో ఉన్నవి మూడు నిమిషాలు, అందులోనూ పేరుకు చోటు ఉంచింది. ఇప్పుడు డెబ్బై రెండు నిమిషాలు ఎక్కించినవాడికి ఒక్క పేరు టైపు చేయడానికి తీరిక లేకపోయింది. ‘అరుదైన’ అన్న విశేషణాన్ని మాత్రం పట్టించుకోనక్కరలేదు. ఈ జాతి లింకులకు అది ఇంటిపేరు.

ఒకసారి ఐదు చోట్లకు మించి పంపకూడదని వాట్సాప్ వారు 2018లో మన దేశంలో కట్టడి పెట్టారు. పుకార్ల కోసం పెట్టినది, తోడికీ వర్తించింది. బాబాయిగారికి అది బాధే. ఆయన పెళ్లివారి గ్రూపు ఆరోది.

లింకు పుట్టకముందు విన్నది నలుగురితో పంచుకోవడం ఎట్లా ఉండేదో ఇక్కడ ఒక మాట చెప్పుకోవచ్చు. రవీంద్రనాథ్ ఠాకూర్ పిఠాపురంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వీణ విన్నాడు. నచ్చింది. శాస్త్రిగారినే శాంతినికేతనానికి పిలిపించుకున్నాడు, వీణతో సహా. ఇంకొకప్పుడు సావిత్రి అనే దక్షిణాది విద్యార్థిని ముత్తుస్వామి దీక్షితుల ‘మీనాక్షీ మే ముదం’ పాడి వినిపిస్తే, ఆ వరుస ఉంచుకుని బెంగాలీలో వేరే సాహిత్యం అల్లాడు. ‘బాసంతీ హే భువనమోహినీ’ అన్నది అదే. ఒక్క చిన్న మార్పు కూడా చేయకుండా ముందుకు తోసేవారికి ఈ పద్ధతి కొంచెం శ్రమతో కూడినది. వారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. అందరి ఇళ్లలోనూ వీణతో సహా అతిథి పట్టడు.

‘పూర్తిగా’: గాయకుడు నిషాదం మీద నిలిచి పైషడ్జం అందుకోబోయే సరిగ్గా ఆ క్షణంలో సిమెంటు ప్రకటన వచ్చింది. ఆ షడ్జం ఎవరికీ దక్కలేదు. ఇంతకంటే ఈ పదానికి వ్యాఖ్య లేదు.

ఉత్తరభాగము

మూడో రోజున, తోడి సంగతి అందరూ మరిచి, ఎవరో ఆవకాయ పార్సిలు ఏ రైల్లో వస్తుందో చర్చిస్తుండగా, టీటాగఢ్ కుర్రాడొకడు ఆ పాత సందేశాన్ని పట్టుకుని కింద ఇట్లా రాశాడు. గ్రూపులో అతడు అంతకుముందు నోరు విప్పిన దాఖలా లేదు.

“బాబాయిగారూ, మృదంగం ఎవరండీ?”

ఇది ఒక్కటే ప్రశ్న. మిగిలినవన్నీ స్తోత్రాలు, కలహాలు. ఇందులో అనుమాన ప్రమాణం ఉంది. పొగ ఉన్నచోట నిప్పున్నట్టు, మృదంగం ఎవరని అడిగినవాడు తని ఆవర్తనం దాకా విన్నవాడై ఉండాలి. ఆ వీడియోలో తని వచ్చేది గంట దాటాక. మిల్లు షిఫ్టుకు పోతూ వచ్చే లోకల్ రైల్లో, చెవుల్లో తీగలు పెట్టుకుని, మూడు రోజులపాటు ముక్కలుగా విన్నాడని తరువాత తెలిసింది. ‘హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పూర్తిగా’ అన్న మూలంలోని రెండు విధులనూ అక్షరాలా పాటించినవాడు గ్రూపు మొత్తానికి అతడొక్కడే.

శీర్షికలో పేరు లేదు గనుక జవాబు చెవితోనే చెప్పాలి. మూలకర్త పేరు పక్కన ‘టైపింగ్’ అని రెండు మార్లు కనబడి మాయమైంది. అల్లుడుగారు తబలా వారి పేర్లు రెండు ఊహించి, ఎవరూ పలక్కపోయేసరికి చెరిపేశారు. మరుసటి ఉదయం ప్రత్యుత్తరం వచ్చింది:

“అక్కడికి చేరేలోపు నిద్ర పట్టింది బాబూ. ఇవాళ కూర్చుని విని చెప్తాను.”

ఇచట క్రియ భవిష్యదర్థకము. మూలకర్త తన వినికిని గురించి రాసిన క్రియలలో పాణిని అనుమతి అక్కరలేకుండా నిలిచినది ఇది.