చేలో ఉన్నాడు, కాగితంలో లేడు

బెజవాడ నుంచి కంకిపాడు, ఉయ్యూరు మీదుగా బందరు రోడ్డు పట్టండి. రెండు పక్కలా చేలే. గట్టు మీద పార పట్టుకుని నిలబడ్డాడే, ఆయన ఎవరు? రైతంటారా? తొందరపడకండి. ముందు పాస్‌బుక్కు అడగండి. లేదా? అయితే రైతు కాదు. ఏదో సరదాకి అప్పు తెచ్చి, దమ్ము చేసి, ఊడ్పించి, మక్తా బస్తాలకు మాటిచ్చేసిన దారినపోయే దానయ్య!

2011లో ఒక చట్టం వచ్చింది. యజమాని సంతకం లేకుండానే కౌలుదారుకు కార్డిస్తామన్నారు. 2019లో దాన్ని తీసేసి ఇంకోటి తెచ్చారు. కార్డు కావాలంటే పదకొండు నెలల ఒప్పందం, కింద యజమాని సంతకం. పేరు మాత్రం పంట సాగుదారుల హక్కుల చట్టం. హక్కు సాగుదారుడిదట, పెన్ను యజమానిదట. ఎంత ముచ్చటైన కాపురం!

“ఒక్క సంతకం పెట్టండి బాబూ.”

“సంతకం కావాలా, వచ్చే ఏడు చేను కావాలా?”

అయిపోయింది. ఇంక అడుగుతాడా?

కేంద్రం ఇచ్చే 6,000 భూమి ఉన్నవాడికే. జగన్ గారి రైతు భరోసా 13,500లో కౌలుదారుకూ వాటా ఉండేది, కులమూ కార్డూ రెండూ కలిస్తే. చంద్రబాబు గారి అన్నదాత సుఖీభవ 20,000 అంది. కార్డు చూపించమంది. కార్డెక్కడిది? ప్రభుత్వాలు మారాయి, పథకాల మీద బొమ్మలు మారాయి, పెన్ను మాత్రం చేతులు మారలేదు. ప్రకాశం బ్యారేజీలో వదిలిన నీళ్లు తిట్టుకుంటూనైనా శివారు చేను చేరతాయి. అవతలి గట్టున వెలగపూడి సచివాలయంలో వదిలిన డబ్బు మాత్రం చేను పక్కనుంచే యజమాని ఉండే హైదరాబాద్ బస్సెక్కుతుంది.

పోనీ, పని కావడానికి ఎవరి చెయ్యైనా తడిపాడనుకోండి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణతో లంచం ఇచ్చినవాడూ నేరస్తుడే. బలవంతాన ఇచ్చానంటావా? ఏడు రోజుల్లో ఫిర్యాదు చెయ్యి. మరి అధికారి తీసుకున్న నిర్ణయంపై విచారణ జరపాలంటే? ముందు పైవాళ్ల అనుమతి కావాలి. దానికి మూడు నెలలు, చాలకపోతే ఇంకో నెల. ఫైలుకున్న ఓపిక మనిషికి ఉండొద్దా? గోడ మీద అవినీతి ఫిర్యాదుల నంబరు ఉంది కదా, ఫోన్ చేసుకోవచ్చు. చేశాక రేపు మళ్లీ ఆ గుమ్మమే ఎక్కాలి, అంతే!

ఇక 2025 ఉగాదికి పీ4 పథకం వచ్చింది. పైనున్న పది శాతం, అడుగునున్న ఇరవై శాతాన్ని దత్తత తీసుకోవాలట. ఉన్నవాడు ‘మార్గదర్శి’. లేనివాడు ‘బంగారు కుటుంబం’. కార్డు లేని బంగారం!

రేపు ఆ చేను యజమానే మార్గదర్శి అయితే? తన కౌలుదారునే దత్తత తీసుకుంటే? వేదిక మీద శాలువా కప్పుతారు. ఫొటో తీస్తారు. రిజిస్టరు ముందు పెడతారు. జేబులోంచి ఆ పెన్నే తీస్తాడు. చూస్తూ ఉండండి, సంతకం ఎంత గుండ్రంగా పడుతుందో.