నా మూడో బటన్

నేను మౌసుని. నాకు రెండే బటన్లనుకుంటారు అందరూ: ఎడమది కావాలని నొక్కడానికి, కుడిది పొరపాటున నొక్కడానికి. మధ్యలోని చక్రాన్ని పేజీ కిందికి దించడానికి తిప్పుతారు. దాన్ని లోపలికి నొక్కొచ్చని, లింకు మీద పెట్టి నొక్కితే ఉన్న పేజీ కదలకుండా పక్కన కొత్త ట్యాబు తెరుచుకుంటుందని శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గరున్న మా నెట్ సెంటరుకి వచ్చేవాళ్లలో చాలామందికి తెలీదు.

మాది ఇరుకు గది. జిరాక్సు మిషను, ప్రింటరు, గోడకి ఆనించిన కంప్యూటర్లు. అడంగల్, వన్-బీ భూమి కాగితాల కోసం ఉద్దానం నుంచి వస్తారు, హాల్ టికెట్ల కోసం ఎచ్చెర్ల నుంచి వస్తారు, ఇంజనీరింగు కౌన్సెలింగు రోజుల్లో అయితే గుమ్మం దాకా జనమే. ఎవరి పనైనా నా వీపు మీద చెయ్యి పెట్టాకే మొదలవుతుంది.

ఓసారి ఒక తాత, ఆయన మనవరాలు స్కాలర్‌షిప్పు ఫారం కోసం వచ్చారు. పిల్ల నిబంధనల లింకు నొక్కింది. అది కొత్త ట్యాబులో తెరుచుకుంది, కానీ తెర నిండా అదే కాబట్టి ఆ సంగతి వాళ్లకి తెలీలేదు. చదివాక వెనక్కి వెళ్దామని పిల్ల నన్ను ఎడమ మూలనున్న బాణం మీదికి తీసుకెళ్లింది. బాణం బూడిద రంగులో ఉంది. టకటకా నొక్కింది, కదల్లేదు. "ఏటే అమ్మా, ఇందాకటి పేజీ ఏటైపోనాది? ఏటి నొక్కినావు?" అన్నాడు తాత. "నానేటీ నొక్కనేదు తాతా!" పిల్లకి ఏడుపొక్కటే తక్కువ. మా సెంటరు కుర్రాడు వచ్చి పైవరసలో పక్క ట్యాబు చూపించాడు: "ఎక్కడికీ పోనేదమ్మా, ఇక్కడే ఉంది."

ఆ బాణం అలా చచ్చుబడడానికి కారణముంది. ప్రతి ట్యాబూ తాను నడిచొచ్చిన దారిని విడిగా గుర్తుపెట్టుకుంటుంది. అప్పుడే పుట్టిన ట్యాబుకి వెనక దారే లేదు, ఇక వెనక్కి ఎక్కడికి పోతుంది?

సైటే లింకుని కొత్త విండోలో తెరిపించే ఈ అలవాటు మా పెద్దలు కడుపులో రబ్బరు బంతి పెట్టుకు తిరిగిన కాలం నాటిది. 1996లో నెట్‌స్కేప్ బ్రౌజరు రెండో వెర్షన్‌తో, లింకు ఏ విండోలో తెరుచుకోవాలో సైటు రాసేవాడే చెప్పే వీలొచ్చింది. మైక్రోసాఫ్టు ఎక్స్‌ప్లోరరుకి 2006లో ఏడో వెర్షన్ వచ్చేదాకా ట్యాబులే లేవు కాబట్టి అప్పట్లో విండో మీద విండో పడేది. వెబ్ డిజైన్ తప్పుల మీద 1999లో ఆ రంగం నిపుణుడు జాకబ్ నీల్సన్ రాసిన జాబితాలో ఇదీ ఉంది. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎమ్ఎల్‌కి అదే ఏడాది వచ్చిన 4.01 వెర్షన్ కఠిన రూపంలోనూ ఆ సదుపాయానికి చోటివ్వలేదు. జనం మానలేదు. 2014లో ప్రమాణంగా ఖరారైన హెచ్‌టీఎమ్ఎల్ 5లో మళ్లీ చేర్చారు. దీన్లో ఇంకో చిక్కుండేది. అలా తెరిచిన కొత్త పేజీకి పాత పేజీ పగ్గం కూడా చిక్కేది. దుర్మార్గుడి పేజీ అయితే, మీరు ఇటు చదువుతుండగా అటు మీ బ్యాంకు పేజీ ఉన్నచోట నకిలీ పేజీని దింపేది. 2021 జనవరిలో వచ్చిన క్రోమ్ 88 నుంచి, సైటువాడు ప్రత్యేకంగా అడిగితే తప్ప ఆ పగ్గాన్ని బ్రౌజరే తెంపేస్తోంది.

సైటులు కట్టేవాళ్లతో నా పేచీ వేరే. లింకుని మామూలుగా వదిలేస్తే, నన్ను పట్టుకున్న మనిషికి రెండు దారులూ ఉంటాయి: అక్కడే కావాలంటే ఎడమ బటన్, పక్కన కావాలంటే చక్రం. కొత్త ట్యాబే అని సైటువాడు రాసిపెడితే మొదటి దారి మూసుకుపోతుంది. దాన్ని మళ్లీ తెరిచే బటన్ నా ఒంటి మీద ఎక్కడా లేదు. "మా సైటు వదిలి పోకూడదని" అంటారట వాళ్లు. సంత నుంచి పోయేవాణ్ణి చొక్కా పట్టి ఆపితే బేరం కుదురుతుందా?

కొత్త ట్యాబు అస్సలు వద్దని అనను. కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్లు సగం పెట్టిన పిల్లాడు కాలేజీ వివరాల లింకు నొక్కితే, అదే ట్యాబులో తెరుచుకుని పెట్టినవన్నీ గాల్లో కలిసిపోవడం నేను చూశాను. అలాంటిచోట పక్కన తెరవడమే న్యాయం, కాకపోతే ముందు చెప్పాలి. మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల అధికారిక సైటుల్లో బయటి లింకు మీద నేను కాసేపు నిలబడితే, కొత్త విండోలో తెరుచుకుంటుందని ఒక చిన్న చీటీ కనిపిస్తుంది. ఆ మర్యాద నాకు నచ్చింది. చూపులేనివాళ్లకి తెరని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కీ ఆ మాట అందాలి. వాళ్లకైతే పైవరసలో పక్క ట్యాబు చూపించడానికి మా కుర్రాడూ ఉండడు.

నాకిప్పుడు వయసైంది. ఎడమ బటన్ కింద స్ప్రింగు అరిగి, ఒక నొక్కుని రెండుగా చెబుతోంది. మామూలు లింకు మీద దాంతో ఏ నష్టమూ లేదు. కొత్త ట్యాబు లింకైతే ఒకే పేజీ రెండు ట్యాబుల్లో తెరుచుకుంటుంది. జనం నన్ను తిడతారు.

ఎలాగూ ఇప్పుడు చాలామంది ఫోన్లతోనే వస్తున్నారు. అక్కడ నా చక్రం పని వేలిది: లింకుని కాసేపు నొక్కిపట్టి, వచ్చిన జాబితాలో కొత్త ట్యాబుని ఎంచుకుంటే సరి. ఆండ్రాయిడ్ ఫోను క్రోమ్‌లో ట్యాబులు తొంభై తొమ్మిది దాటితే అంకె పోయి నవ్వు ముఖం వస్తుంది. మొన్న టెక్కలి ఆయనెవరో ఫోను నెమ్మదించిందని తెస్తే, మా కుర్రాడు ఆ ముఖం చూసి అన్నీ మూసేయబోయాడు. ఆయన చెయ్యి పట్టేసుకున్నాడు.

"మూసీయకు బాబూ, మా గుంట మార్కుల కాయితం అందులో ఎక్కడో ఉంది!"