ఆపరేషన్‌కి ముందే వచ్చాను

నేను స్లింగ్‌ని. నల్లటి జోలె, దాని కింద నడుముకి ఆనే స్పాంజి దిండు, మెడకొకటి నడుముకొకటి పట్టీలు, ఇదీ నా రూపం. చెయ్యి విరిగితే మెళ్లో కట్టే త్రికోణపు గుడ్డ మా వంశంలో పెద్దది. ఆవిడకి దిండు లేదు, నాకుంది. చెయ్యి ఒంటికి అతుక్కుని ఉంటే భుజంలో కొత్తగా కుట్టిన స్నాయువు మీద లాగుడు పడుతుంది. కాస్త ఎడంగా ఉంటే ఆ లాగుడు తగ్గుతుంది. అందుకే ఆ దిండు.

నేను తెనాలిలో ఒక రిటైర్డ్ తెలుగు టీచరుగారి ఇంటికి వచ్చాను. తడి బాత్రూంలో జారి కుడిచేతి మీద పడ్డారావిడ. చెయ్యి పైకి లేవడం మానేసింది. గుంటూరులో స్కానింగ్ తీస్తే స్నాయువు తెగిందన్నారు. చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషనే. అయినా రోహిణి కార్తెలో నన్ను కట్టుకుంటే చంకలో చెమటకాయలు తప్పవని, మాఘమాసంలోనే చేయించుకుంటానన్నారు. తెలివైన మనిషి.

చాలామంది నన్ను ఆపరేషనయ్యాకే చూస్తారు. మత్తు వదలని మనిషికి ఏ పట్టీ ఎటో ఏం తెలుస్తుంది? ఈవిడ నన్ను ముందే కొనిపించి, కుడిచేతిని నాలో కట్టేసుకుని ఇల్లంతా తిరిగారు. రెండు చేతులు అడిగే పనులన్నీ అప్పుడే బయటపడ్డాయి. కుక్కర్ మూత, పాల ప్యాకెట్టు, మాత్రల స్ట్రిప్పు, చీర కుచ్చెళ్లు. పై అరల్లోని డబ్బాలు నడుమెత్తుకి దిగాయి, వాటి మూతలు వదులయ్యాయి. దర్జీ పాత జాకెట్ల కుడిచేతి కుట్టు భుజందాకా విప్పి ప్రెస్ బటన్లు పెట్టాడు. ముందు తెరుచుకునే నైటీలు వచ్చాయి. తొడిగేటప్పుడు నొప్పి చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర: ఈ వరస కూడా వంటబట్టింది.

ఎడంచేత్తో అన్నం తినడమే మింగుడు పడలేదు. ఆ చేతికి ఇన్నాళ్లూ ఉన్న పని ఎలాగూ తప్పదు, ఇప్పుడు కంచం పనీ దానిదే. చెంచా కొన్నారు, సబ్బు మార్చారు, ప్లంబర్ని పిలిచి బాత్రూంలో కుడిగోడకున్న నీళ్ల పైపు ఎడమవైపు పెట్టించారు. జారని పట్టా, ఒక స్టూలు సరేసరి. కుడిచేతి గాజులు, ఉంగరం తీసేటప్పుడు కాస్త తటపటాయించారు. వేళ్లు వాస్తే ఉంగరం కోయాల్సొస్తుందని విని అత్తగారే, "తర్వాత ఎడంచేతికి వేసుకుందువుగాని, ముందు తియ్యమ్మా" అన్నారు.

జడ మాత్రం వాళ్లాయన బాధ్యత. కుర్చీ వెనక నిలబడి మూడు పాయలు తీసి, మధ్య పాయ ఎటు పోవాలో తెలియక వేలికి చుట్టుకుని ఆగిపోయారు.

"ఏవండీ, లాగకండి. ఆపరేషన్ భుజానికి, తలకి కాదు."

"రోజూ నా ఎదురుగానే అల్లుకుంటావు కదా, ఏనాడూ గమనించలేదోయ్."

ఆ రోజు అల్లింది జడ అనిపించుకోదు గానీ, ఆస్పత్రికి వెళ్లేనాటికి రబ్బరు బ్యాండుదాకా నిలిచే జడ వచ్చింది.

ఆపరేషన్‌నాటి రాత్రి చెయ్యి మొద్దుబారి నాలో బస్తాలా పడి ఉంది. మెడ దగ్గర ఇచ్చిన మత్తు సాధారణంగా 12 నుంచి 24 గంటలు ఉంటుంది. అది దిగకముందే నొప్పి మాత్ర వేసుకోవాలి, దిగాక వేసుకుంటే నొప్పి మాత్రకి దొరకదు. రాత్రంతా పడక్కుర్చీలో వాలుగా పడుకున్నారు. మోచేతి కింద దిండు పెట్టారు, పడుకున్నా మోచెయ్యి కంటికి కనబడాలి, వెనక్కి జారకూడదు.

నా మీద ఫిర్యాదు ఒక్కటే, వెల్క్రో. పొలంగట్టున చీరకి ఉత్తరేణి గింజలంటినట్టు నూలు చీరల దారాలు లాగేస్తాను. 1941లో స్విట్జర్లాండ్ ఇంజినీరు జార్జ్ డి మెస్ట్రాల్ కుక్క బొచ్చుకంటిన ముళ్లకాయల్ని చూసే దీన్ని ఆలోచించాడట, మరి గుణం ఎక్కడికి పోతుంది?

కొన్ని వారాలకి నొప్పి తగ్గింది. నాకు అసలు గండం అదే. నొప్పి లేదంటే అతుక్కుందనుకుంటారు, కానీ స్నాయువు ఎముకకి గట్టిగా పట్టడానికి దాదాపు 12 వారాలు కావాలి. అల్లుడొచ్చాడని ఆవకాయ జాడీ కోసం కుడిచెయ్యి లేవబోయింది. నేను వదల్లేదు. ఆవిడ నన్ను తిట్టుకుని, జాడీ దించమని అల్లుడికే చెప్పారు.

అలాగని ఎప్పుడూ కట్టేసి ఉంచినా కీలు బిగుసుకుపోతుంది, సుగరున్నవాళ్లకి మరీను. డాక్టరు ఒప్పుకున్నాక రోజూ నన్ను విప్పి, ఎడంచెయ్యి బల్లకి ఆన్చి ముందుకి వంగి, నొప్పి చెయ్యిని వేలాడదీసి ఒంటిని ఊపేవారు. చెయ్యి తనంతట తనే గుండ్రంగా తిరగాలి, తిప్పకూడదు. ఈ కసరత్తుకి బోస్టన్ సర్జన్ కాడ్‌మన్ పేరుంది. భుజం మీదే 1934లో ఆయన పెద్ద పుస్తకం అచ్చేశాడు. ఆ వంగిన సమయంలోనే చంక తుడుచుకోవడం కూడా అయిపోయేది.

ఆరో వారం దాటాక డాక్టరు నన్ను తీసెయ్యమన్నారు. ఉతికి ఆరేశారో లేదో ఎదురింటి మాస్టారు వచ్చారు. ఆయనకీ కుడి భుజమే, వచ్చే నెల ఆపరేషన్.

"అప్పుడొచ్చి తీసుకెళ్తానమ్మా."

"అప్పుడెందుకు అన్నయ్యగారూ, ఇప్పుడే పట్టుకెళ్లండి. కుడిచెయ్యి దీంట్లో పెట్టుకుని, రేపట్నుంచి ఎడంచేత్తో గడ్డం గీసుకోండి."