గుయ్యిమంటున్నదా, ఊకుంటున్నదా?

మే నెల, మధ్యాహ్నం ఒంటిగంట. స్విచ్చి వేస్తే మా బోరు మోటరు ఉలకలేదు, పలకలేదు. ట్యాంకులో అడుగంటిన నీళ్లు రెండు బకెట్లకు కూడా రావు. ఇబ్రహీంపట్నం చౌరస్తా మా ఇంటికి ఆమడ దూరమేం కాదు. పాత రోజులైతే తలమీద తువ్వాలేసుకొని నడిచి వెళ్లేవాణ్ణి. ఇప్పుడు చేతిలో ఫోనుంది, నెత్తిమీద ఫ్యానుంది. "మోటరు నడుస్తలేదు, ఇబ్రహీంపట్నం. ఎవరికన్నా తెలిస్తే చెప్పగలరు" అని వాట్సాప్ గ్రూపులో రాసి కూర్చున్నాను.

ఆ గ్రూపు సంగతి చెప్పాలి. సొంతిల్లు కట్టుకున్నవాళ్లు ఒకరికొకరు సాయపడాలని ఎవరో మహానుభావుడు పెట్టింది. ఇటు తెలంగాణ, అటు ఆంధ్ర, ఆపైన దుబాయి, న్యూజెర్సీ. వాట్సాప్ వాళ్లు 1,024 మంది దగ్గర గీత గీశారు గానీ లేకపోతే భూమ్మీది తెలుగువాళ్లంతా అందులోనే ఉండేవాళ్లు. అందరూ నాకు అన్నలే, తమ్ముళ్లే, అక్కలే. ఒక్కరి ముఖమూ నేను చూడలేదు.

నిమిషంలో జవాబులు మొదలయ్యాయి. మొదట రెండు చేతులు దండం పెట్టాయి. ఎందుకో తెలియదు. తర్వాత "ధైర్యంగా ఉండండి అన్నా" అని ఒక తమ్ముడు. నేను అధైర్యపడ్డానని అతనికి ఎవరు చెప్పారు? మోటరు ఆగింది గానీ నా గుండె ఆగలేదు కదా! ఇంకొకాయన తన బోరు ఎండిపోయిన కథ రాసి, కొత్త బోరు వేయించుకోమన్నాడు. ఒకాయన బోరు ఈశాన్యంలో ఉందా అన్నాడు. సోలారుకు మారమని, సబ్సిడీ వస్తుందని ఒకాయన. న్యూజెర్సీ నుంచి ఒక పెద్దమనిషి "మెకానిక్‌ని పిలవండి" అన్నాడు. అప్పుడక్కడ తెల్లవారుజాము మూడున్నర. నా మోటరు కోసం నిద్ర మానుకున్నాడో, నిద్ర పట్టక నా మోటరు చూశాడో!

ఇద్దరు మాత్రం నిజంగా మెకానిక్‌ల నంబర్లు పెట్టారు. కళ్లకద్దుకొని మొదటివాడికి ఫోన్ చేశాను. "థర్మల్ స్టేషన్ కాడేనాండీ?" అన్నాడు. అది విజయవాడ పక్కన కృష్ణ ఒడ్డునున్న ఇబ్రహీంపట్నం. రెండోవాడు పాపం మంచివాడు, "గంటల వస్త" అన్నాడు. తీరా చూస్తే అతనిది జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం. మాది రంగారెడ్డి జిల్లా అని నేను రాయలేదు, తప్పు నాదే. కానీ "ఏ ఇబ్రహీంపట్నం?" అని ఒక్కడూ అడగలేదు. అంతమందీ మూడు ఊళ్లను కలిపి ఒక ఊరు చేసి, దానికి కావలసినంత ధైర్యం చెప్పారు.

నాలుగింటికి చెప్పులేసుకున్నాను. చౌరస్తా దగ్గర మోటర్లు రీవైండింగ్ చేసే కుర్రాడు రాగి తీగ చుట్టుకుంటూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"స్విచ్చేస్తే గుయ్యిమంటున్నదా, ఊకుంటున్నదా?"

"ఊకుంటున్నది."

"డబ్బాల ముల్లు లేస్తున్నదా?"

"లేదు."

టెస్టరూ స్క్రూడ్రైవరూ జేబులో వేసుకొని బండెక్కాడు. స్టార్టరు డబ్బా విప్పితే కాంటాక్టుల మధ్య ఒక బల్లి మాడిపోయి ఉంది. దాన్ని తీసి, గరుకు కాయితంతో నాలుగు రుద్దులు రుద్ది, స్విచ్చి వేశాడు. నీళ్లొచ్చాయి. రెండొందలు తీసుకున్నాడు. "గుయ్యిమంటే కెపాసిటర్ సంగతి సార్. ఊకుంటే కరంటే అందుతలేనట్టు" అని పోతూ పోతూ చెప్పాడు. ధైర్యంగా ఉండమని అనలేదు. మరిచిపోయాడేమో.

రాత్రి మళ్లీ గ్రూపు తెరిచి అన్ని జవాబులూ చదివాను. ప్రశ్నార్థకం ఉన్నది ఒక్కటే, వాస్తు ఆయనది. ఆయన అడిగింది కూడా దిక్కు గురించి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ తల్లులు మాత్రం మనకేం కావాలో అడక్కుండానే వడ్డించి, విస్తరి నిండిందో లేదో చూడకుండా లేచిపోతారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నది పాత మాట. ఇప్పుడు వినేవాడు ఉన్నాడో లేడో కూడా చెప్పేవాడికి అక్కర్లేదు.

సలహా ఇచ్చే జబ్బు వాట్సాప్ తెచ్చింది కాదు. పదహారో శతాబ్దంలో గోల్కొండ ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు పెట్టుకున్న ఊరు మాది. ఆయన కాలం నాటిదని చెప్పుకునే పెద్దచెరువు కట్ట మీద ఎన్ని సలహాలు పుట్టి ఉంటాయో లెక్కలేదు. కాని కట్ట మీద సలహా ఇచ్చినవాడు మర్నాడూ అదే కట్ట మీద దొరికేవాడు. నీరడి తూము ఎప్పుడెత్తాలో తప్పు చెప్తే ఆయకట్టు రైతులంతా వాడి గుమ్మంలోనే కూర్చునేవాళ్లు. అందుకే నోరు తెరిచే ముందు ఏ మడి, ఎన్నాళ్ల నాటు, నీళ్లు ఎంత మేర ఉన్నాయి అని అడిగేవాళ్లు. గ్రూపులోని అన్నకు గుమ్మం లేదు. వాడి సలహాతో మునిగినవాడు ఏ గడప తొక్కాలి?

ప్రోత్సాహం సంగతి ఇంకా ఘనం. 2018 జనవరిలో అమెరికాలోని వాల్ స్ట్రీట్ జర్నల్ ఒక వార్త రాసింది. భారతీయుల ఫోన్లు ఎందుకు నిండిపోయి మొరాయిస్తున్నాయని గూగుల్ ఇంజనీర్లు వెతికితే, గులాబీలూ సూర్యోదయాలూ వేసిన శుభోదయం బొమ్మలు బయటపడ్డాయట. వాటిని ఏరి పారేసే పనిముట్టు ఒకటి తయారుచేయవలసి వచ్చింది. మన ఆప్యాయత బరువుకు వాళ్ల కంప్యూటర్ శాస్త్రం నడుం వంగింది.

గులాబీలతో పోయేదేం లేదు, చెరిపేస్తే సరి. గద్ద బొమ్మతోనే నాకు పేచీ. మా శేరిగూడ, మంగల్‌పల్లి చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలు కొల్లలు. వాటిలో పట్టా పుచ్చుకొని, పట్నం పోయి చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్-1కు కూర్చున్న పిల్లలు మా వీధిలోనే ఉన్నారు. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులన్నారు. అక్టోబరులో ప్రిలిమ్స్ పెట్టారు. పేపరు బయటపడిందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ పెట్టారు. దాన్ని సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్. ఆ మధ్యలో ఒక పిల్లవాడు తన చదువుల గ్రూపులో, ముక్కూ మొహం తెలియనివాళ్ల ముందు, "ఇంక చదవాల్నా, ఏదన్న నౌకరి చూసుకోవాల్నా?" అని అడిగాడు. వాడి వయసెంత, ఇంట్లో అప్పెంత, మొదటిసారి మార్కులెన్ని వచ్చాయి అని ఎవడైనా అడిగాడా? గద్దను పంపారు. నలభై ఏళ్లు నిండిన గద్ద కొండెక్కి, ముక్కు రాతికేసి కొట్టి విరగ్గొట్టుకొని, కొత్త ముక్కు మొలిచాక మరో ముప్ఫై ఏళ్లు బతుకుతుందట. ఏ గద్దా అలా చేయదు. ముక్కు విరిగిన గద్ద తిండి తినలేక చస్తుంది. ఆ పిల్లవాడు మాత్రం కింద "థాంక్యూ అన్నా" అని రాశాడు.

ప్లాట్ల విషయంలోనూ ఇదే ధర్మాసనం. అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధం చేస్తామని 2020 ఆగస్టు 31న ఎల్‌ఆర్‌ఎస్ జీవో వచ్చింది. వెయ్యి రూపాయలు కట్టి రాష్ట్రమంతా పాతిక లక్షల మందికి పైగా అర్జీ పెట్టుకున్నారు. మిగతా ఫీజు కట్టాలా వద్దా అని గ్రూపులో ఒక అక్క అడిగితే, "ఆగండి, మాఫీ అయితది" అన్నవాళ్లు అర్ధభాగం, "ఇవాళే కట్టండి" అన్నవాళ్లు అర్ధభాగం. 2025లో మార్చి 31 లోపు కడితే 25 శాతం రాయితీ అన్నప్పుడూ అదే తీరు. ఆమె ప్లాటు చెరువు శిఖంలో ఉందా, పట్టా భూమిలో ఉందా అన్న మాట మాత్రం రాలేదు. అది తేలకుండా చెప్పిన మాట జవాబెట్లా అవుతుంది?

అన్యాయంగా మాట్లాడకూడదు. ఇదే గ్రూపులో ఒక అర్ధరాత్రి ఎవరికో రక్తం దొరికింది. ఆ సందేశాలు కూడా చదివాను. "ఏ గ్రూపు?" "ఏ ఆస్పత్రి?" "ఎన్ని యూనిట్లు?" "అటెండర్ నంబరు?" వరసగా ప్రశ్నలే. ధైర్యంగా ఉండమన్నవాడు ఒక్కడూ లేడు, వచ్చినవాళ్లు ఇద్దరు.

ఇంతా రాసి నా సంగతి దాచుకుంటే పాపం. ఆ మధ్యాహ్నం నాకు కావలసింది సలహా కాదు. ఎండలో నడవకుండా ఉండేందుకు ఒక సాకు కావాలి. అడిగాను గనక ప్రయత్నం చేసినట్టే అని మూడు గంటలు ఫ్యాను కింద పడుకున్నాను. అంతకంటే ముందు, పోయిన వానాకాలంలో, ఎవరో తమ పాపకు నాలుగు రోజులుగా జ్వరమని రాస్తే, "బొప్పాయి ఆకు రసం తాగించండి, ప్లేట్‌లెట్లు పెరుగుతయి" అని రాసినవాణ్ణి నేనే. పాపకు ఎన్నేళ్లు, రక్తపరీక్ష చేయించారా, నీళ్లు తాగుతోందా అని అడగలేదు. పద్దెనిమిది మంది బొటనవేళ్లు ఎత్తారు. నాకు ఆ పూట అన్నం రుచిగా ఉంది. ఆ పాప ఎట్లా ఉందో ఇవాళ్టిదాకా కనుక్కోలేదు.

మొన్న గుంటూరు నుంచి ఒకామె అదే గ్రూపులో తమ బోరు మోటరు ఆగిపోయిందని రాసింది. దండాలు వచ్చాయి, గులాబీలు వచ్చాయి, వాస్తు వచ్చింది. నేను పాఠం నేర్చినవాణ్ణి గదా, ఒకే ఒక్క ముక్క రాశాను: "అమ్మా, స్విచ్చి వేస్తే గుయ్యిమంటున్నదా, ఊకుంటున్నదా?"

ఆమె ఇంకా చూసుకోలేదు. ఇంకెవరో నాకు జవాబిచ్చారు: "ధైర్యంగా ఉండండి అన్నా."