రిలీవింగ్ లెటరుపై సంతకం పెట్టే అధికారి వారికి బహిరంగ లేఖ

మానవ వనరుల విభాగాధిపతి వారి సముఖానికి.

విషయం: ఉద్యోగి మర్యాదగా వెళ్ళడం, కంపెనీ మర్యాదగా పంపడం – గురించి.

రాజీనామాకు యాజమాన్యం దయ అక్కర్లేదు. వ్యక్తిగత సేవకు సంబంధించిన ఒప్పందాన్ని కోర్టులు సాధారణంగా బలవంతాన అమలు చేయించవు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోని సూత్రం ఇది. ఉద్యోగి మాట తప్పితే కంపెనీ నష్టపరిహారం అడగవచ్చు గానీ, కుర్చీలో కట్టేసి పని చేయించలేదు. నోటీసు ఇచ్చి వెళ్ళవచ్చని ఆఫర్ లెటరులో తామే రాసి, తీరా మెయిల్ అందాక "ఆమోదించడం లేదు" అని జవాబిచ్చే విభాగాలు ఈ సంగతి తెలియనట్టు నటిస్తాయి.

రాజీనామా చేసే పద్ధతి పెద్ద శాస్త్రమేమీ కాదు. ముందు మేనేజరుకు నోటితో చెప్పడం, అదే రోజు మెయిల్ పెట్టడం, అందులో చివరి పనిదినం ఏ తేదీయో స్పష్టంగా రాయడం. కారణం ఒక్క వాక్యంలో ముగిస్తే మంచిది. మూడు పేజీల ఆవేదన ఫైల్లో పదేళ్ళు ఉంటుంది, దాన్ని చదివే మేనేజరు మాత్రం ఆరు నెలల్లో మారిపోతాడు. క్యాంటీన్‌లో అందరికీ తెలిశాక మేనేజరుకు తెలియడం, కొత్త ఆఫర్ రాతపూర్వకంగా చేతికి రాకముందే రాజీనామా పెట్టేయడం – ఉద్యోగి వైపు జరిగే పొరపాట్లలో ఈ రెండే పెద్దవి.

ఆ తర్వాత నోటీసు పీరియడ్. పేచీలు ఎక్కువగా ఇక్కడే. పరిశ్రమల కోసం 1946 చట్టం కింద రూపొందిన నమూనా స్టాండింగ్ ఆర్డర్లు (ఉద్యోగ నిబంధనలు) నెలజీతం కార్మికుడికి ఒక నెల నోటీసు చాలన్నాయి. హైటెక్ సిటీ, గచ్చిబౌలి సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో అది చాలాచోట్ల తొంభై రోజులైంది. క్లయింటుకు గంటల లెక్కన బిల్లు వేసే వ్యాపారంలో ఒక మనిషి ఖాళీ అయితే బిల్లు ఆగుతుంది కాబట్టి కంపెనీకి కారణం ఉంది. అయితే అదే విభాగం అదే వారంలో ఇచ్చే ప్రకటనలో "ఇమీడియట్ జాయినర్లకు ప్రాధాన్యం" అని ఉంటుంది. పక్క కంపెనీ ఉద్యోగి పదిహేను రోజుల్లో రావాలి, సొంత ఉద్యోగి మూడు నెలలు ఆగాలి! అమెరికాలో పనిచేసే తెలుగువారికి ఇది మరీ వింత. అక్కడ చాలా రాష్ట్రాల్లో చట్టం ఏ నోటీసూ కోరదు, రెండు వారాలు చెప్పడం ఆనవాయితీ మాత్రమే.

దీర్ఘకాలపు నోటీసుకు గట్టి కారణం ఉన్న వృత్తులూ లేకపోలేదు. పౌర విమానయాన నిబంధనలు 2017 నుంచి కెప్టెన్‌కు ఏడాది, కో-పైలట్‌కు ఆరు నెలలు నోటీసు విధించాయి.  విమానం ఆగితే ఇబ్బంది పడేది ప్రయాణికులు. టెస్టింగ్ టీమ్ సభ్యుడు వెళ్తే ఏ విమానమూ ఆగదు.

నోటీసు తగ్గించుకోవడానికి మార్గం బై-అవుట్. మిగిలిన రోజులకు జీతం కట్టి ముందే వెళ్ళడం. లెక్క మూలవేతనం మీదా, మొత్తం జీతం మీదా అన్నది ఆఫర్ లెటరులోనే ఉంటుంది, చేరిన రోజున చాలామంది చదవని పేజీలో. ఇలా వసూలు చేసిన సొమ్ముపై జీఎస్టీ వర్తించదని 2022 ఆగస్టులో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. బాండు సంగతి వేరు. మూడేళ్ళలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. పోటీ కంపెనీలో చేరకూడదనే షరతు మాత్రం, ఉద్యోగం ముగిశాక, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు నిలవదు. నిలిచేది గోప్యత షరతు: కోడ్, క్లయింట్ల జాబితా, ధరల పట్టిక సొంత మెయిల్‌కు పంపుకున్న ఉద్యోగి మంచిగా వెళ్ళినట్టు కాదు.

తొంభై రోజులు దేనికి అంటే కేటీకి (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్‌కు) అని జవాబు. పని అప్పగించడానికి కావలసింది నిజానికి చిన్న చిట్టా: ఏ సర్వర్ సర్టిఫికెట్ ఎప్పుడు ముగుస్తుంది, ఏ రిపోర్టు ఏ తేదీన ఎవరికి వెళ్ళాలి, ఏ లోపం తాత్కాలికంగా సర్ది ఉంది, క్లయింటు వైపు ఎవరితో మాట్లాడితే పని జరుగుతుంది. రాజీనామా చేసిన వారంలోనే ఇది రాయడం మొదలుపెట్టే ఉద్యోగి తన వంతు చేసినట్టే. ఎదురుగా కూర్చుని నేర్చుకునే మనిషిని చూపించాల్సింది కంపెనీ. ఆ మనిషి పేరు చివరి వారంలో తేలుతుంది, రెండున్నర నెలలు ఖాళీగా గడుస్తాయి, ఆఖరి నాలుగు రోజులు రాత్రి పదింటి దాకా కాల్స్ నడుస్తాయి. (వీడ్కోలు బిర్యానీ మాత్రం ఎక్కడా ఆలస్యం కాదు.)

కౌంటర్ ఆఫర్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు: రాజీనామా మెయిల్ చూశాకే దొరికే జీతపు పెంపు, అంతకుముందు ఎందుకు దొరకలేదో చెప్పదు. ఎగ్జిట్ ఇంటర్వ్యూలో ఉద్యోగి మర్యాదకు సగం మింగేస్తాడు, విభాగం మిగతా సగాన్ని ఫైల్లో దాస్తుంది.

డబ్బు లెక్క దగ్గరికి వస్తే వాయిదా మొదలవుతుంది. రాజీనామా చేసిన ఉద్యోగికి రావలసిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలని 2019 నాటి వేతన స్మృతి చెబుతోంది. అది 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అంతకుముందు 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలో ఈ రెండు రోజుల గడువు యాజమాన్యమే తొలగించిన సందర్భానికి ఉండేది. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంటుకు నెలా నెలన్నర తీసుకునే ఆనవాయితీ ఇంకా చాలాచోట్ల కదలలేదు. సాధారణంగా అయిదేళ్ళు నిండినవారికి గ్రాట్యుటీ ఉంటుంది: చివరి మూలవేతనం, కరవు భత్యం కలిపిన మొత్తాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్ళతో గుణించాలి. ఆ మొత్తం 52,000 అయి, సర్వీసు ఆరేళ్ళయితే వచ్చేది 1,80,000 రూపాయలు. చెల్లింపుకు గడువు 30 రోజులు, దాటితే వడ్డీ.

పీఎఫ్‌ను తీసేయడం కన్నా యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి శాశ్వత నంబరు) ద్వారా కొత్త ఖాతాకు మార్చుకోవడం మేలు. అయిదేళ్ళలోపు తీస్తే సాధారణంగా పన్ను పడుతుంది. వెళ్ళిన తేదీని పాత కంపెనీ నమోదు చేయకపోతే బదిలీ ఆగిపోయేది. 2020 జనవరి నుంచి, రెండు నెలలు గడిచాక, ఉద్యోగే పోర్టల్‌లో ఆ తేదీ వేసుకోవచ్చు. పాత జీతం వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వకపోతే రెండుచోట్లా పన్ను తక్కువగా కోస్తారు, రిటర్ను వేసే రోజున తేడా మొత్తం ఒకేసారి కట్టాలి.

మిగిలింది కాగితం. కొత్త కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అడిగేది హోదా, చేరిన తేదీ, వెళ్ళిన తేదీ, మళ్ళీ తీసుకుంటారా లేదా అన్న ఒక గడి. అందుకే రిలీవింగ్ లెటరు విభాగం చేతిలో ఆయుధం అయింది: ల్యాప్‌టాప్ చార్జరు లెక్క తేలలేదనీ, మేనేజరు సెలవులో ఉన్నారనీ అది ఆగుతుంది. నోటీసు కాలం పూర్తి చేసి, బకాయిలు తీర్చి, పని అప్పగించిన ఉద్యోగికి ఆ కాగితం చివరి పనిదినం సాయంత్రమే ఇవ్వడానికి అడ్డు ఏమీ ఉండదు. తేదీ మూడు నెలల ముందే తెలుసు, నమూనా కంప్యూటర్‌లో ఉంది, సంతకం తమరిదే.

ఇట్లు,
నోటీసు పీరియడ్‌లో ఉన్నవారి పక్షాన