సర్వర్ లేవకపోతే చేయవలసినవి

మిర్యాలగూడ రైస్ మిల్లు ఆఫీసులోనో, సూర్యాపేట ఎరువుల దుకాణం వెనక గదిలోనో, కోదాడ కాలేజీ ల్యాబులోనో పొద్దున్నే సర్వర్ లేవలేదనుకోండి. ముందు ఎవరినైనా తిట్టండి. రాత్రి తాళం వేసి వెళ్లినవాడు ఇందుకు బాగా పనికొస్తాడు.

ముందువైపు నారింజ రంగు దీపం మినుకుమినుకుమంటుంటే అటు చూడకండి. లోపల తేడా ఉందని చెప్పడానికే అది పెట్టారు. సర్వర్ లోపల ఐలో అనో, ఐడ్రాక్ అనో ఒక బుల్లి కంప్యూటర్ కూడా ఉంటుంది. పెద్దది పడుకున్నా అది మేలుకునే ఉండి, ఏ ర్యామ్ ఎప్పుడు తప్పు చేసిందో రాసి పెడుతుంది. మన దగ్గర దానికి కేబులే పెట్టరు కాబట్టి చదివే బాధ లేదు. బీప్ బీప్ అని మోగితే ఎన్ని పొడుగు, ఎన్ని పొట్టి అని లెక్కపెట్టకండి. మాన్యువల్లో అర్థం దొరికిపోతే మెకానిక్ చిన్నబుచ్చుకుంటాడు.

మిర్యాలగూడ వాళ్లకు అదనపు సౌకర్యం ఉంది. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు మిల్లులో ఆడుతుంటే లేచే దుమ్మును సర్వర్ ఫ్యాన్లు శ్రద్ధగా పీల్చి, హీట్‌సింక్ రెక్కల సందుల్లో కూరి పెడతాయి. సర్వర్ గదికి 18 నుంచి 27 డిగ్రీలు మంచిదని అమెరికా ఏసీ ఇంజనీర్ల సంఘం ఆష్రే చెబుతుంది. వాళ్లకేం తెలుసు మన మే నెల? ఏసీ మాత్రం ఓనరు గారి గదిలోనే ఉండనివ్వండి. ఆయన హ్యాంగ్ అయితే రీస్టార్ట్ చేసేదెవరు? దుమ్ము మరీ ఎక్కువైతే మిల్లులో బియ్యం ఏరే సార్టెక్స్ మెషిన్ కంప్రెసర్ గొట్టం తెచ్చి కొట్టండి. గాలితోపాటు తేమ కూడా ఉచితం.

పవర్ సప్లైలు రెండిచ్చింది ఒకటి పోతే ఇంకోటి నిలబెడుతుందని. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు గుచ్చండి. తేదీ పదేళ్లు వెనక్కి పోయిందా? మదర్‌బోర్డు మీది 3 వోల్టుల బటన్ సెల్ అయిపోయి ఉంటుంది, దాంతో బూట్ సెట్టింగులూ చెరిగి ఉంటాయి. కిరాణా కొట్లో కూడా దొరికే ఆ సెల్ మార్చడం నామోషీ. డిస్కే పోయిందని తేల్చి ఫార్మాట్ కొట్టండి.

ఇక రెయిడ్ 5. ఒక డిస్కు పోయినా డేటా నిలబడుతుంది. ఎర్ర దీపం ఉన్నదాన్ని వదిలేసి పక్కనున్న మంచి డిస్కు లాగితే ఆ ముచ్చటా తీరిపోతుంది. తర్వాత డిస్కులన్నీ మూటగట్టి, కంప్యూటర్ దుకాణాలుండే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కు పంపండి. ఏ డిస్కు ఏ స్లాటులోదో మాత్రం రాయకండి.

ఇంకో పద్ధతీ ఉంది, అందులో మజా లేదు. కరెంటు పూర్తిగా తీసేసి, ఒక ప్రాసెసరు, ఒక ర్యామ్, ఒక పవర్ సప్లైతో లేపి చూడాలి. లేస్తే తక్కినవి ఒక్కొక్కటిగా కలుపుతూ పోవాలి. ఏది పెట్టినప్పుడు ఆగిందో అనుమానం దాని మీదే. దీనికి కావలసింది ఒక స్క్రూడ్రైవరు, ఒక గంట ఓపిక. స్క్రూడ్రైవరు మన మూడు ఊళ్లలోనూ దొరుకుతుంది.