మొహం ఖర్చు ఏ పద్దులో?

ఆఫీసులో ఆడవాళ్ల మొహానికి రెండే జబ్బులు. కాటుక లేకుండా వస్తే నీరసం, లిప్‌స్టిక్‌తో వస్తే అనుమానం. నీరసానికైతే పక్క సీటు పెద్దమనిషి ఉచితంగా వైద్యం చేస్తారు. "ఏంటమ్మా అలా ఉన్నావు? ఒంట్లో బాగాలేదా? రాత్రి నిద్ర పట్టలేదా?" అనుమానానికి మందు లేదు గాని విచారణ ఉంది. "ఏంటి మేడమ్, ఇవాళేమైనా స్పెషలా? సాయంత్రం ఫంక్షనా?" పెళ్లిచూపులకొచ్చినవాళ్లయినా ఒక్కసారి చూసి, కాఫీ తాగి వెళ్లిపోతారు. ఇక్కడ కాఫీ రోజూ ఉంది, చూపులూ రోజూ ఉన్నాయి.

ఈ విచారణాధికారి సోమవారం తొడుక్కున్న చొక్కాతోనే బుధవారం దాకా నెట్టుకొస్తారు. ఆ చొక్కా గుండీలకీ ఆయన పొట్టకీ మధ్య జరిగే పోరాటం ఆఫీసంతా చూస్తూనే ఉంటుంది, ఎవరూ నోరెత్తరు. ఆయన రెండ్రోజులు గడ్డం గీసుకోకపోతే పాపం, పని ఒత్తిడి. ఆమె ఒక్కపూట పౌడరు రాసుకోకపోతే ఉద్యోగం మీద శ్రద్ధ తగ్గిపోయింది.

హెచ్‌ఆర్ వారు దీనికి గ్రూమింగ్ క్లాసు పెడతారు. సారాంశం ఒక్క ముక్క. మేకప్ వేసుకోవాలి, వేసుకున్నట్టు కనబడకూడదు. లంచం పుచ్చుకోవడంలో తప్ప ఇంకే పనిలోనూ ఇంతటి నేర్పు ఎవరూ అడగరు.

కొలతల విషయానికొస్తే విమానాలవాళ్ల తర్వాతే ఎవరైనా. ఎయిరిండియా సిబ్బంది అలంకరణకు కొత్త నిబంధనలు పెట్టిందని 2022 నవంబరులో పత్రికలు రాశాయి. ఎయిర్‌హోస్టెస్ బొట్టు పెట్టుకోవచ్చట, అర సెంటీమీటరు దాటకూడదట. లిప్‌స్టిక్కూ గోళ్లరంగూ కంపెనీ చెప్పిన షేడ్‌లోనే ఉండాలట. హైదరాబాదులో దిగే విమానమైనా సరే, ముత్యాల కమ్మలు పనికిరావట. మగవాళ్లనీ వదిలిపెట్టలేదు. తెల్లజుట్టుకి రంగు, బట్టతలకి నున్నటి గుండు. కొండెక్కకుండానే మొక్కు తీరిపోయింది.

అయినా ఇది అభివృద్ధే అనుకోవాలి. ఒకప్పుడు అదే సంస్థలో ఎయిర్‌హోస్టెస్ 35 ఏళ్లకే రిటైరవ్వాల్సి వచ్చేది. చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకుంటే ఉద్యోగం పోయేది. మొదటిసారి కడుపు పండినా అంతే. ఈ కడుపు నిబంధనని సుప్రీంకోర్టు 1981లో కొట్టేసింది. పెళ్లి నిబంధన మాత్రం సబబే అంది.

ఇంతకీ ఆడదాని మొహం మీద హక్కెవరిదో దాపరికం లేకుండా చెప్పింది సినిమావాళ్లే. ముంబైలో మేకప్ కళాకారుల సంఘం ఆడవాళ్లకి హెయిర్‌డ్రెస్సర్ కార్డు మాత్రమే ఇచ్చేది. మేకప్ కార్డు మగవాళ్ల సొత్తు. హీరోయిన్‌కి జడ ఆడమనిషి వెయ్యొచ్చు గాని, చెయ్యి కాస్త ముందుకొచ్చి బుగ్గ మీద పడితే నేరం. చారు ఖురానా అనే మేకప్ కళాకారిణి కోర్టుకెక్కితే, ఆ నిబంధన చెల్లదని 2014 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. సంఘం కార్డు సంగతి అలా తెమిలింది. మన ఆఫీసు పెద్దమనుషులు మాత్రం అలాంటి కార్డే ఒకటి చొక్కా జేబులో పెట్టుకుని ఇంకా తిరుగుతూనే ఉన్నారు.

కాబట్టి ఉద్యోగినులకు నాదొక సలహా. మీ మొహం కంపెనీ పరువు అంటున్నారు కదా, అయితే ఖర్చూ కంపెనీదే. విజయవాడ వెళ్లొస్తే టీఏ బిల్లు పెట్టడం లేదూ? యూనిఫాం ఉన్నవాళ్లకి అలవెన్సు ఇవ్వడం లేదూ? అలాగే నెలాఖరుకల్లా మొహం బిల్లు కూడా పెట్టెయ్యండి. ఫౌండేషన్ ఒకటి, కాజల్ ఒకటి, ఐబ్రోస్ రెండుసార్లు, రసీదులు జతపరచడమైనది. పిల్లల లంచ్ బాక్సులు సర్దాక అద్దం ముందు గడిపిన అరగంటకి ఓవర్‌టైం విడిగా రాయండి. బస్సులో చెమటకి కరిగి కారిపోయిన సరుకుని తరుగు కింద చూపించండి.

ఫైలు కదులుతుంది. మేనేజరు అకౌంట్స్‌కి పంపిస్తారు, అకౌంట్స్‌వాళ్లు హెచ్‌ఆర్‌ని అడుగుతారు, హెచ్‌ఆర్ లాయరుగారి సలహా తీసుకుంటుంది. తిరగాల్సిన బల్లలన్నీ తిరిగాక స్టాంపు వేసిన జవాబొకటి మీ చేతికొస్తుంది. "ఉద్యోగిని ముఖము పూర్తిగా ఆమె వ్యక్తిగత విషయము. దానితో సంస్థకు ఎట్టి సంబంధమును లేదు. కావున బిల్లు తిరస్కరించడమైనది."

డబ్బు రాలేదని దిగులుపడకండి. ఎన్ని ధర్నాలు చేసినా దొరకని కాగితమది. జిరాక్సులు తీయించి ఆఫీసులో ఆడవాళ్లందరికీ పంచిపెట్టండి. మేనేజరుగారికి మాత్రం ఒరిజినలే చూపించండి. కింద సంతకం ఆయనదే.